ఫీతీ లేని జీతం, జీతం లేని ఫీతీ

మా రోజుల్లో ప్రమోషన్ రావాలంటే ముందు ఒకడు ఇంటికి పోవాలి. పోయినా చాలదు, వాడు మన ట్రేడు వాడే అయివుండాలి. వరసలో మనకంటే ముందు ఇంకెవడూ ఉండకూడదు. ఉంటే వాడికి మ్యాప్ రీడింగ్ తప్పి ఉండాలి, లేదా నడుం పట్టేసి మెడికల్ కేటగిరీ పడిపోయి ఉండాలి. మనసులో ఇన్ని పాపపు లెక్కలు వేసుకుంటూనే, పైకి మాత్రం వాడి భుజం మీద చెయ్యేసి ఒకే ప్లేట్లో పూరీలు తినేవాళ్ళం. ఇప్పటివాళ్ళకు ఈ బాధ లేదు, క్యాలెండర్ చూసుకుంటే సరిపోతుంది. ఎనిమిదేళ్ళు నిండాయా, జీతం ఒక మెట్టు పెరిగిందా, ఇంటికి ఫోన్ చేశామా, అయిపోయింది.

దాన్ని ఎంఏసీపీ అంటారు. ఆరో వేతన సంఘంతో వచ్చింది. 8, 16, 24 ఏళ్ళ సర్వీసుకు, చేతి మీద కొత్త ఫీతీ ఎక్కకపోయినా, పై మెట్టు జీతం ఇచ్చేస్తారు. సివిల్ ఉద్యోగులకైతే అదే 10, 20, 30 ఏళ్ళకు. ఫౌజువాళ్ళకు దీన్ని 2006 జనవరి 1 నుంచే లెక్కగట్టాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. నేను సర్వీసు నుంచి దిగింది 2003లో. కనుక ఇక్కడి నుంచి నా మాటల్లో కాస్త కారం తగిలితే దానికి కారణం ఉందని అర్థం చేసుకోండి. మా కోడలైతే మొహం మీదే అడిగింది: "మామయ్యా, అప్పుడే మీకు ఇచ్చుంటే వద్దనేవారా?" ఎందుకంటానమ్మా. చేయి చాచి తీసుకునేవాణ్ని. తీసుకుని కూడా సణిగేవాణ్ని.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫీతీ అంటే చొక్కా చేతి మీద కుట్టే పట్టీ. ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ఆ పైన వ్యవహారం చేతి నుంచి భుజానికి ఎక్కుతుంది. ఒక నక్షత్రం నాయబ్ సుబేదార్, రెండయితే సుబేదార్, అశోక సింహాలు పెట్టుకున్నాయన సుబేదార్ మేజర్. మా నాన్న తరంలో నాయబ్ సుబేదార్‌ని జమేదార్ అనేవాళ్ళు, 1965లో పేరు మార్చారు. మా ఊరికి ఈ తేడాలేమీ పట్టవు. సుబేదార్ మేజర్‌గా దిగిన మా వీధి పెద్దాయన్ని పోయేదాకా "మేజర్ గారు" అనే పిలిచారు. ఆయనా కాదనలేదు, పాపం, ఎందుకంటారు? నన్ను మాత్రం "మిలిటరీ ఆయన" అంటారు. ఒక్క ఫీతీతో తిరిగొచ్చిన మా ఎదురింటివాణ్నీ అదే అంటారు. ఇరవయ్యారేళ్ళు గోళ్ళు కొరుక్కుంటూ ఎక్కిన మెట్లన్నీ గిద్దలూరు స్టేషన్లో దిగగానే చదునైపోయాయి.

మాది గిద్దలూరు వైపు. వాన పడితే సేద్యం, పడకపోతే మిలిటరీ. నేను 1977లో చేరాను. ఏ దళమో రాయను, రాస్తే ఇంకా గట్టిగా ఉన్న మా బ్యాచ్ వాళ్ళు ఫోన్ చేసి తప్పులు దిద్దుతారు. బండ్లు బాగుచేసే పని అనుకోండి, చాలు.

మొదటి ఫీతీ సంగతి చెప్పాలి. అది జీతం లేని ఫీతీ. దాపరికం కూడా ఉండేది కాదు, కాగితం మీదే "అన్‌పెయిడ్ లాన్స్ నాయక్" అని రాసిచ్చేవాళ్ళు. రాత్రి గార్డుకు నువ్వే పెద్ద. రోల్‌కాల్‌లో ఒక తల తగ్గితే నిన్నే నిలబెట్టి అడుగుతారు. స్టోర్లో స్పానర్ ఒకటి కనపడకపోతే దాని ఎదురుగా సంతకం నీదే. నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకుని నీ బీడీ లాక్కుని తాగినవాడు ఇవాళ నీ హుకుం వినాలి. వాడు వినడు. వినకపోతే పైకి చెప్పుకోలేవు, చెప్పుకుంటే "ఒక్కణ్ని అదుపు చేయలేనివాడికి ఫీతీ ఎందుకు?" అంటారు. నెలాఖరున మాత్రం వాడి జీతం, నీ జీతం పైసా తేడా లేకుండా ఒకటే. పైగా ఫీతీ కుట్టించుకున్న రాత్రి బ్యారక్ మొత్తానికి రమ్ము ఖర్చు కొత్త లాన్స్ నాయక్‌దే. ఆదాయం పెరగకుండా హోదా పెరిగితే ఇల్లు ఎలా గుల్లవుతుందో నాకు పెళ్ళికి ముందే తెలిసింది.

అయినా ఆ పద్ధతిని నేను తిట్టను. మనిషి చేతికి డబ్బు ఇవ్వకముందు బరువు ఇచ్చి చూసేవాళ్ళు. మోస్తాడా, దించేసి పోతాడా, మోస్తూ పక్కవాడి మీద అరుస్తాడా, ఇదంతా ఆ ఒక్క ఫీతీ కాలంలో బయటపడేది. మాలో ఒకడు, ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పగల మొనగాడు, నెల తిరక్కుండా ఫీతీ విప్పి ఇచ్చేశాడు. "నట్లు బిగిస్తాను గానీ మనుషుల్ని బిగించలేను" అన్నాడు. ఆ మాట చెప్పగలిగే వీలు వాడికి దొరికింది, వాణ్ని మోయాల్సిన ఖర్మ మాకు తప్పింది. ఇప్పుడు తిరగబడింది. ఫీతీ లేకుండా నాయక్ జీతం తీసుకునే సిపాయి ఉన్నాడు. వాడి కింద ఎవడూ ఉండడు, వాడు ఎవడికీ జవాబు చెప్పనక్కర్లేదు. మరీ తెలివైనవాడు ప్రమోషనే వద్దని రాసిస్తాడేమోనని ప్రభుత్వానికీ అనుమానం వచ్చినట్టుంది, రెగ్యులర్ ప్రమోషన్ కాదన్నవాడికి ఈ పెంపు ఇవ్వమని నిబంధన పెట్టారు.

ఒక ఫీతీ నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు ఎక్కాలంటే ఖాళీ ఒక్కటే సరిపోదు. కేడర్ అని యూనిట్లోనే వారాల తరబడి పరీక్ష ఉంటుంది. డ్రిల్లు, ఆయుధాలు, మ్యాపు, పరుగు. పూర్తి సామాను వీపున కట్టుకుని 5 కిలోమీటర్లు పరుగెత్తాలి, తాడు ఎక్కాలి, 9 అడుగుల గొయ్యి దూకాలి. మా బోటి మెకానిక్కులకు గొయ్యి దగ్గరే దేవుడు కనపడేవాడు. బండి కింద పడుకుని పనిచేసేవాడి నడుముకు, దూకేవాడి నడుముకు చాలా తేడా ఉంది. అది రూలు రాసినవాళ్ళకు తెలియదు.

దానికి తోడు చదువు సర్టిఫికెట్లు, మూడో తరగతి, రెండో తరగతి, ఒకటో తరగతి అని. అదీ స్కూల్లో కాదు, ఫౌజులోనే మళ్ళీ చదవాలి. రోమన్ హిందీ అని ఒకటుండేది. హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. మాకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. రెండు రానివాటిని కలిపి ఒకటి రాయమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా నేర్చుకున్నాం. కిరోసిన్ లాంతరు ముందు కూర్చుని మ్యాపు మీద ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్ తీసేవాళ్ళం. కంపాస్ కంటికి ఆనించి ఎదుటి గుట్ట ఎన్ని డిగ్రీల్లో ఉందో చూసి, అక్కడ నుంచి వెనక్కి లెక్కగట్టి మనమెక్కడున్నామో చెప్పాలి. ఆరంకెలు సరిగ్గా చెబితే 100 మీటర్ల చదరంలో మనిషిని పట్టేయొచ్చు. ఇవి ఇప్పటికీ ఉన్నాయిలెండి. అయితే ఇప్పటి కుర్రాడు మ్యాపు ముందు కూర్చున్నా, జేబులో ఫోన్ ఉందన్న ధీమాతో కూర్చుంటాడు. మాకు ఆ ధీమా లేదు. దారి తప్పితే తప్పినట్టే.

ఇదంతా పైపై కథ. అసలు కీలకం ఒకటుంది, అది సివిల్ వాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదు. గుమాస్తాకు ప్రమోషన్ రాకపోతే ఏమవుతుంది? అదే కుర్చీలో రిటైరయ్యేదాకా కూర్చుంటాడు. ఫౌజులో కూర్చోనివ్వరు. ర్యాంకును బట్టే ఉద్యోగానికి ఆయుష్షు. నేను దిగేనాటికి సిపాయికి 17 ఏళ్ళ సర్వీసు, నాయక్‌కు 22, హవల్దార్‌కు 24, నాయబ్ సుబేదార్‌కు 26, సుబేదార్‌కు 28, సుబేదార్ మేజర్‌కు 32. ఆపైన స్క్రీనింగ్‌లో నెగ్గితే రెండేళ్ళ పొడిగింపు. వయసు పరిమితి దానికది వేరే.

లెక్క వేసుకోండి. 18 ఏళ్ళకు చేరినవాడు సిపాయిగానే మిగిలిపోతే 35 ఏళ్ళకు మాజీ సైనికుడు. పెద్దపిల్ల అప్పటికి ఆరో తరగతి. అదే సుబేదార్ దాకా పోతే 46. పిల్ల డిగ్రీ అయిపోతుంది, క్వార్టర్ ఉంటుంది, కాంటీన్ ఉంటుంది, సంబంధం వాళ్ళు వచ్చి అడిగితే "సర్వీసులో ఉన్నాడు" అని చెప్పొచ్చు. ఫీతీ అంటే మాకు చేతి మీద గుడ్డముక్క కాదు. పిల్ల పెళ్ళి యూనిఫాంలో ఉండగా చేస్తామా, ఏటీఎం ముందు సెక్యూరిటీ గార్డుగా కూర్చుని చేస్తామా అనేది. ఎంఏసీపీ గొప్పదే, నాయక్ జీతం ఇస్తుంది. నాయక్ ఏళ్ళు ఇవ్వదు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే, "డబ్బు వచ్చింది కదా తాతా" అంటారు. పదిహేడేళ్ళు నిండిన రోజు చెబుతారు.

పింఛనూ అంతే, ర్యాంకును పట్టుకునే ఉంటుంది. మా కాలంలో ఇంకో మెలిక కూడా ఉండేది. ఏ ర్యాంకు పింఛను కావాలంటే ఆ ర్యాంకులో కనీసం 10 నెలలు ఉండి దిగాలి. మా షెడ్డులో ఒకాయనకు ఆయుష్షంతా ఎదురుచూస్తే, తీరా సర్వీసు చివరి అంచున భుజం మీదికి నక్షత్రం వచ్చింది. పది నెలలు మిగల్లేదు. నక్షత్రంతో ఫొటో తీయించుకున్నాడు, హవల్దార్ పింఛను తెచ్చుకున్నాడు. ఆ ఫొటో చూసి వాళ్ళావిడ "ఇది ఫొటోకే వచ్చిందా?" అని అడుగుతుండేదట.

ఒకే ఆర్మీలో కూడా అందరికీ ఒకే నిచ్చెన లేదు. నాతోపాటే ఒకే రోజు రిక్రూట్ అయిన మా పక్కూరివాడు ఇన్‌ఫాంట్రీలో పడ్డాడు. అక్కడ లెక్క పల్టన్ లెక్క. పల్టన్‌లోని మనుషులే పోటీ, ఖాళీలూ అక్కడివే. చిన్న చోట చిన్న క్యూ. మాలాంటి సాంకేతిక దళాల్లో ట్రేడు వారీగా పెద్ద జాబితా రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. దేశంలో ఏ మూల ఉన్న వెహికల్ మెకానిక్ అయినా అదే వరసలో నిలబడాలి. నేను లేహ్‌లో ఉంటే నాకు ముందున్నవాడు జోధ్‌పూర్‌లో ఉంటాడు, వాడి మొహం కూడా చూసి ఉండను, వాడు రిటైరైతే గానీ నాకు రొట్టె విరగదు. మావాడు హవల్దార్ అయి మూడు ఫీతీలతో సెలవుకొచ్చి ఊరంతా తిరుగుతుంటే, నేను నాయక్‌గా వాడి వెనక నడిచాను. వాళ్ళమ్మ మా అమ్మను అడిగింది కూడా, "మీవాడు సరిగ్గా పనిచేయడా ఏంటి?" అని. మా అమ్మకు రికార్డ్ ఆఫీసు గురించి నేనేం చెప్పను?

ఇక నేవీ, ఎయిర్‌ఫోర్స్. మా ఇంట్లో త్రివిధ దళాలూ ఉన్నాయి, కావాలని చేసుకున్నట్టు. మా తోడల్లుడు ఎయిర్‌ఫోర్స్. మా వియ్యంకుడు భీమిలి ఆయన, నేవీ. సంక్రాంతికి ముగ్గురం కలిశామంటే ఆడవాళ్ళు టీవీ సౌండు పెంచుతారు.

పేర్లు వేరైనా మెట్లు ఒకటే. ఆర్మీ నాయక్, నేవీ లీడింగ్ సీమన్, ఎయిర్‌ఫోర్స్ కార్పొరల్ ఒక వరస. హవల్దార్, పెట్టీ ఆఫీసర్, సార్జెంట్ ఇంకో వరస. నాయబ్ సుబేదార్‌కు సమానం నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసర్, ఎయిర్‌ఫోర్స్‌లో జూనియర్ వారంట్ ఆఫీసర్. సుబేదార్ మేజర్ పక్కన కుర్చీ వేస్తే మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్ ఫస్ట్ క్లాస్, మాస్టర్ వారంట్ ఆఫీసర్ కూర్చోవచ్చు. కాగితం మీద అందరూ సమానులే. ఎక్కే తీరే వేరు.

ఎయిర్‌ఫోర్స్‌లో కార్పొరల్ దాకా ఎవడూ ఇంటికి పోవాల్సిన పని లేదు. ఏళ్ళు నిండాలి, తప్పులు లేకుండా ఉండాలి, అంతే. ఆ పైన ట్రేడు పరీక్షలు, ఏటేటా రిపోర్టులు, మళ్ళీ ట్రేడు సీనియారిటీ. అక్కడా తాంబరంలో ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఒక ట్రేడువాడు ముందు, ఇంకో ట్రేడువాడు వెనక. కానీ వాళ్ళకున్న అసలు సుఖం అది కాదు. ఆ రోజుల్లో చేరేటప్పుడే ఒప్పందం 20 ఏళ్ళకు. ఫీతీ వచ్చినా రాకపోయినా ఆ ఇరవై ఏళ్ళు ఎవడూ కదిపేవాడు కాడు. మా తోడల్లుడు సార్జెంట్‌గా దిగి, మాజీ సైనికుల కోటాలో బ్యాంకులో చేరి, అక్కడా రిటైరై, ఇప్పుడు రెండు పింఛన్లు తీసుకుంటున్నాడు. "అన్నా, మీరు ఫీతీ కోసం బతికారు, మేం పుస్తకం కోసం బతికాం" అంటాడు. ఏసీ గదిలో చదువుకున్నవాడు అలాగే అంటాడు. చలికి డీజిల్ గడ్డకట్టే చోట చదవమనండి చూద్దాం.

మా బావగారు, అదే వియ్యంకుడు గారు, పదిహేనూ పదహారేళ్ళ వయసులో విశాఖలో బాయ్స్ ట్రైనింగ్‌లో చేరినాయన. ఆయన లెక్కలో ఓడ ఎక్కనివాడు మనిషే కాడు. అక్కడ సముద్రం మీద గడిపిన కాలం కూడా ప్రమోషన్ లెక్కలోకి వస్తుంది. ఒడ్డున ఆఫీసులో ఫైళ్ళు తిప్పుతూ కూర్చుంటే నిచ్చెన కదలదు. ఆ ఒక్క నియమం నాకు నచ్చింది, పైకి ఒప్పుకోలేదు. ఆయన గుండెలో ముల్లు వేరే. ఆర్టిఫిసర్లు. ఇంటర్ చదివి, లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీలాంటి చోట ఇంజినీరింగ్ నేర్చుకుని వచ్చిన కుర్రాళ్ళు. ఆ రోజుల్లో మామూలు నావికుడికి తొలి ఒప్పందం 15 ఏళ్ళయితే వాళ్ళకు 20. కొన్నేళ్ళకే పెట్టీ ఆఫీసర్ స్థాయికి ఎక్కేసేవాళ్ళు. "తాడు ముడి వేయడం నేను నేర్పినవాడికి నేనే లేచి నిలబడాల్సి వచ్చింది బావగారూ" అని ఇప్పటికీ అంటారు. 2023 నేవీ డే నాడు సింధుదుర్గ్‌లో ప్రధానమంత్రి నౌకాదళ ర్యాంకుల పేర్లు భారతీయ సంప్రదాయానికి తగ్గట్టు మారుస్తామన్నప్పటి నుంచి ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది, ఇంటి గేటు మీద పాలరాతి పలకను మళ్ళీ చెక్కించాలా అని.

ఎర్ర సిరా గురించి చెప్పకపోతే ఈ పాత కథ పూర్తి కాదు. చిన్న శిక్షయితే సర్వీసు పుస్తకంలో నల్ల సిరాతో, పెద్దదైతే ఎర్ర సిరాతో రాస్తారు. నాలుగు ఎర్ర రాతలు పడితే మనిషిని ఇంటికే పంపేయొచ్చు. ఒకటి పడినా ప్రమోషన్ బోర్డు ముందు అదే ముందు కనపడుతుంది. 1990 మేలో తుఫాను కృష్ణా, గుంటూరు తీరాన్ని చితక్కొట్టింది గుర్తుందా? బాపట్ల వైపు కుర్రాడొకడు, నాయక్, అప్పుడే సెలవుకొచ్చి ఉన్నాడు. ఇల్లు కూలింది, రైళ్ళు లేవు, టెలిగ్రాం ఇద్దామంటే తీగెలే లేవు. ఆలస్యంగా యూనిట్ చేరాడు. ఆధారం చూపించమన్నారు. ఎమ్మార్వో కాగితం తేవాలట. ఎమ్మార్వో ఏ పునరావాస కేంద్రంలో అన్నం పొట్లాలు పంచుతున్నాడో వాడికేం తెలుసు? సెలవు మీరి వచ్చాడని ఎర్ర సిరా పడింది. వాడి వెనకవాళ్ళు హవల్దార్లయ్యారు, వాడు కాలేదు. ఇప్పుడైతే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వాట్సాప్‌లో వీడియో పంపిస్తే సరి, సాబ్ అప్పటికే టీవీలో చూసి ఉంటాడు. ఇది మాత్రం మంచి మార్పే. ఒప్పుకుంటున్నాను, పదే పదే అడక్కండి.

హవల్దార్ నుంచి నాయబ్ సుబేదార్ కావడం మెట్టు కాదు, గుమ్మం దాటడం. అప్పటిదాకా ఖాళీ, సీనియారిటీ, కేడర్ చూస్తారు. ఇక్కడ ఏటేటా పై అధికారి రాసే రహస్య నివేదిక కలుస్తుంది. ఐదేళ్ళ కింద ఏదో పోస్టింగ్‌లో ఎవరో సాబ్ మూడ్ బాగాలేని రోజున రాసిన ఒక మాట, నీకు తెలియకుండా ఫైల్లో కూర్చుని ఉంటుంది. మెడికల్ కేటగిరీ సరేసరి. మంచులో వేళ్ళు పోగొట్టుకున్నవాడు సీ కేటగిరీలో పడతాడు, ఆఫీసులో టైపు కొట్టినవాడు నిక్షేపంగా "ఏ" కేటగిరీలో ఉంటాడు. ఏ కాలంలోనూ నాకు మింగుడు పడనిది ఇదొక్కటే.

నక్షత్రం పెట్టిన రోజు నుంచి జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) మెస్సులో అన్నం. అంటే అన్నేళ్ళు లంగర్‌లో పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్ళను వదిలి వేరే బల్ల. రాత్రికి రాత్రి నీకు "సాబ్" తగులుకుంటుంది. నిన్న నిన్ను అడ్డమైన పేర్లతో పిలిచినవాడు ఇవాళ "జై హింద్ సాబ్" అని నిటారుగా నిలబడతాడు. వాడి కళ్ళలోకి చూస్తే నవ్వొస్తుంది, నవ్వకూడదు. ఇప్పుడు ఆ వేడుకను ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకుంటున్నారు. మాకు పార్ట్ టూ ఆర్డర్‌లో ఒక వరస టైపు అయితే అదే ఫొటో, అదే స్టేటస్. ఇంటికి ఇన్‌ల్యాండ్ లెటర్ రాస్తే, మా ఆవిడ జవాబులో అభినందనలు రాసి, కిందనే బర్రె ఈనిందని రాసింది.

ఆటగాళ్ళ సంగతి వేరు. మిల్ఖా సింగ్ సిపాయిగా చేరి, మన సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో రిక్రూట్ల పరుగులో ఆరోవాడిగా వచ్చి, అక్కడ నుంచి పరుగు మొదలుపెట్టి, 1958లో ఏషియాడ్ బంగారాలు తెచ్చాకే జేసీవో అయ్యాడు. నీరజ్ చోప్రాను 2016లో నేరుగా నాయబ్ సుబేదార్‌గానే రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేర్చుకున్నారు. మా తోడల్లుడు దీన్ని కూడా అన్యాయం అన్నాడు. నేననలేదు. ఆ కుర్రాడు విసిరిన ఈటె ముందు నా సీనియారిటీ జాబితా ఎంత దూరం పోతుంది?

ఖాళీల్లేక మనుషులు మగ్గిపోతున్నారని పైవాళ్ళకు తెలియక కాదు. 2018 ప్రాంతంలో ఆర్మీలో కింది ర్యాంకుల్లో దాదాపు 1.45 లక్షల స్థానాలను పైకి పెంచుతూ, దశలవారీగా, పునర్వ్యవస్థీకరణ చేశారు. ఎక్కువ భాగం నాయక్, హవల్దార్ మెట్లలోనే. మా మేనల్లుడు ఆ ఊపులోనే హవల్దార్ అయ్యాడు. ఫోన్ చేసి, "మామా, నాకు మీకంటే ముందే వచ్చింది" అన్నాడు. వచ్చిందిరా. నేను ఎక్కినప్పుడు ఆ మెట్టు ఇరుకు, నువ్వెక్కేసరికి వెడల్పు చేశారు. సంతోషమే. నాకు ఒక్క కుట్టు కూడా కలిసిరాలేదు, అదీ చెబుతున్నాను.

రిటైరయ్యాక ర్యాంకు పీడ వదులుతుందనుకుంటే పొరపాటు. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ వచ్చింది, 2015 నవంబరులో ఉత్తర్వు, 2014 జులై 1 నుంచి అమలు, ఐదేళ్ళకోసారి సవరణ. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్ళకు ఎప్పుడు దిగినా ఒకే పింఛను. పట్టికలు వస్తాయి. అడ్డంగా ర్యాంకు, నిలువుగా అర్ధ సంవత్సరం తేడాతో సర్వీసు. ఈసీహెచ్‌ఎస్ మాజీ సైనికుల దవాఖానాలో బీపీ మాత్రల కోసం కూర్చున్న ముసలివాళ్ళందరి ఫోన్లలో ఆ పీడీఎఫ్ ఉంటుంది. కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ తమ గడి వెతుక్కుంటుంటారు. ఎప్పుడో నలభై ఏళ్ళ కింద ఎవడో ఆరు నెలలు ఆలస్యంగా ఇంటికి పోయినందుకు రాకుండా పోయిన ఫీతీ, ఆ గడిలో ఇవాళ్టికీ రూపాయల్లో కనపడుతుంది. పది నెలలు మిగలక హవల్దార్ పింఛను తెచ్చుకున్నాయన ఉన్నాడే, ఆయన ఆ పట్టికే తెరవడు.

ఇప్పుడు మా అన్న మనవడు అగ్నివీర్. 2022 జూన్ 14న ఆ పథకం ప్రకటించారు. 17న దాని మీద నిరసనల్లో సికింద్రాబాద్ స్టేషన్లో బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడొకడు చనిపోయాడు. పరుగు, మెడికల్ నెగ్గి రాతపరీక్ష కోసం నెలల తరబడి కాచుకున్న పిల్లలకు ఒక్క రోజులో ఆ దారే మూసేస్తే ఏమవుతుంది? తగలబెట్టడం తప్పే. ఆ వయసులో ఆ క్యూలో నిలబడ్డవాణ్ని కాబట్టి వాళ్ళ కడుపుమంట మాత్రం నాకు తెలుసు.

వీళ్ళకు నిచ్చెన వేరు కాదు, నిచ్చెనే లేదు. నాలుగేళ్ళు. మొదటి ఏట నెలకు 30 వేలు, నాలుగో ఏట 40 వేలు, అందులోంచి 30 శాతం సేవానిధికి పోతుంది. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వెళ్ళేటప్పుడు వడ్డీతో దాదాపు 11.71 లక్షలు. పింఛను లేదు. అగ్నివీర్ అనేది దానికదే ఒక ర్యాంకు, దాని గుర్తు దానికుంది. లాన్స్ నాయక్ లేదు, నాయక్ లేదు. నాలుగేళ్ళ తర్వాత వంద మందిలో 25 మందికి మించకుండా ఉంచుకుంటారు, ఉన్నవాళ్ళు కనీసం ఇంకో 15 ఏళ్ళు చేయాలి. మా ఫీతీ మమ్మల్ని ఎప్పుడు ఇంటికి పంపాలో తేల్చేది. వీళ్ళకు ఇంటికి పంపడమే ముందు, ఫీతీ సంగతి మిగిలినవాళ్ళు తర్వాత చూసుకోవాలి.

వాడు సెలవుకొచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను. తెలివైనవాడు. ఇంటర్ చదివాడు, మా ట్రేడులో మేం పదేళ్ళకు నేర్చుకున్నది వాడు ఫోన్లో బొమ్మ చూసి అర్థం చేసుకుంటాడు. ఒళ్ళు కూడా మాకంటే గట్టిది.

"బ్యారక్‌లో ఒకరికొకరు మ్యాపు అదీ చెప్పుకుంటారా?"

"చెప్పుకుంటాం తాతయ్యా. పరుగు దగ్గర మాత్రం ఎవడి స్టాప్‌వాచ్ వాడిదే."

"నాలుగేళ్ళయ్యాక ఎవణ్ని ఉంచుకోవాలో ఎలా తేలుస్తారు?"

"మార్కులుంటాయి. ఫైరింగ్, పరుగు, డ్రిల్లు, రాతపరీక్ష. ఆఫీసర్ల అంచనా కూడా."

"పదిమందికి ఒక పని చెప్పి చేయించగలిగేవాడికో?"

వాడు కాసేపు ఆలోచించాడు. తర్వాత నన్నే ఎదురడిగాడు, నాలుగేళ్ళు నిండినప్పుడు మీది ఏ ర్యాంకని. సిపాయినే, అన్‌పెయిడ్ లాన్స్ నాయక్ ఫీతీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నానన్నాను. అదేమిటో విడమరిచి చెప్పాను, గార్డు, రోల్‌కాల్, స్పానరు, రమ్ము అన్నీ. పడీ పడీ నవ్వాడు.

"జీతం పెరక్కుండా పని పెంచుకోవడానికి క్యూ కట్టారా తాతయ్యా మీరు?"

కట్టాంరా, మీసాలు దువ్వుకుని మరీ కట్టాం, అంటుండగానే వాడి ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. ఎల్లుండికి సెలవు అయిపోతుంది, టికెట్ చూస్తే వెయిటింగ్ లిస్టులో ఉంది, తత్కాల్ కూడా చూసుకోలేదు, వీడికి చీమ కుట్టినట్టయినా లేదు.